సున్న దగ్గర ఎర్రదీపం

చెంగల్వ ఆవాసంలో పిల్లలు క్లాసులోకి వెళ్లే ముందు చెవులు చూపించాలి. ఇందుమతి టీచర్ ఒక్కొక్కరి కుడిచెవి వెనక తుడిచి పెసరగింజంత దీపం అంటిస్తుంది. దాని పేరు బోధదీపం. అది లేకుండా కుజగ్రహం మీద ఏ బడిలోనూ పాఠం మొదలుపెట్టడానికి వీల్లేదు.

ఒకటో తరగతిలో ఇరవైముగ్గురు. భూమి లెక్కలో ఆరేళ్లవాళ్లు, కుజుడి లెక్కలో మూడేళ్లవాళ్లు. గోడమీద "ఈ టర్మ్‌లో మనం నేర్చుకునేవి" అని ఒక అట్ట వేలాడుతోంది. తెలుగులో సున్న చేరిన మాటలు. లెక్కల్లో సున్నతో కూడికలు. పరిసరాల్లో గాలివాకిలి, అంటే ఎయిర్‌లాక్, ఒక తలుపు మూశాకే రెండోది ఎందుకు తెరవాలో. ఈ మూడోది ఇక్కడి పిల్లలకు మాటలు రాకముందే వచ్చేస్తుంది, రాకపోతే బతకరు కనక. చిక్కంతా సున్న దగ్గరే వచ్చిపడింది.

బోధదీపం పని చాలా తేలిక. ఆలోచన నడిచేటప్పుడు మెదడులో సన్నని విద్యుత్తరంగాలు లేస్తాయి. దీపం వాటిని చర్మం మీదనుంచే పట్టుకుని, బడి అటకమీద ఉన్న మాపిని అనే కంప్యూటరుకు పంపుతుంది. పాతికేళ్ల కిందట డాక్టర్ పరాంకుశం భూమ్మీద పదివేలమంది పెద్దవాళ్లను కూర్చోబెట్టి, పాఠాలు చెప్పించి, "అర్థమైందా?" అని అడిగించాడు. "అర్థమైంది" అన్న క్షణంలో అందరి మెదడులోనూ ఒకేరకం తరంగం కనిపించింది. దానికి బోధతరంగం అని పేరు పెట్టాడు. ఆ తరంగం లేస్తే దీపం ఆకుపచ్చ, లేవకపోతే ఎరుపు. దాంతో పరీక్షలు పోయాయి, మార్కులు పోయాయి, ఇంటిదగ్గర పిల్లల వీపులు విమానం మోత మోగడం కూడా పోయింది. ఇంతకన్నా ఏం కావాలి? జనం ఆయన్ని నెత్తిన పెట్టుకున్నారు.

నిబంధన మాత్రం ఒకటుంది. ఒకే పాఠం దగ్గర టర్మ్ పొడుగునా ఎర్రదీపం వెలిగిన పిల్లలను తొమ్మిదివందల కిలోమీటర్ల అవతలి ప్రత్యేక బడికి పంపాలి. అక్కడ హాస్టల్లో ఉండాలి. అమ్మానాన్నలు వెంట వెళ్లకూడదు.

ఈ టర్మ్‌లో అలా తేలిన పిల్ల కువలయ. మధ్యాహ్నం రెండింటికి బండి. మొక్కల గదిలో పనిచేసే వాళ్లమ్మ పొద్దున్నే సంచి సర్ది టీచర్ చేతికిచ్చి, పిల్ల ఎక్కడ చూస్తుందోనని మొహం తిప్పుకుని వెళ్లిపోయింది. ఇక మిగిలింది పరాంకుశం సంతకం. ఆయన ఆ వారం చెంగల్వకే వచ్చి ఉన్నాడు.

"సంతకం పెట్టే ముందు ఒక్క గంట మా క్లాసులో కూర్చోండి సార్," అని బతిమాలింది ఇందుమతి.

"కూర్చుంటే దీపం రంగు మారుతుందా ఇందుమతి గారూ?"

"మారదు సార్. అయినా కూర్చోండి. దీపం మాత్రం పెట్టుకోవాలి. మీరు పెట్టిన రూలే."

డెబ్బయ్యేళ్ల పరాంకుశం చెవి చూపించాడు. బోర్డు పక్కన తెరమీద ఇరవైమూడు పేర్ల కింద ఆయన పేరు కూడా చేరింది. ఎదురుగా ఆకుపచ్చ చుక్క వెలిగింది. అది చూసుకుని ఆయన మీసం కిందనే నవ్వుకున్నాడు.

ఇందుమతి బోర్డుమీద 5 + 0 అని రాసింది. "ఐదుకి సున్న కలిపితే ఎంత?"

"ఐదూ!" ఇరవైరెండు గొంతులు.

"అర్థమైందా?"

"అర్థమైంది టీచర్!"

తెరమీద పచ్చచుక్కలు బిలబిలమని వెలిగాయి. మూడో వరస చివర ఒక్కటే ఎర్రగా మిగిలింది.

పరాంకుశం లేచి వెళ్లి కువలయ బల్ల దగ్గర వంగాడు. పలకమీద 50 అని ఉంది.

"ఇదేంటి తల్లీ? ఐదుకి సున్న కలిపితే యాభై ఎలా అయింది?"

కువలయ ఆయన్ని ఎగాదిగా చూసింది. పిల్ల భయపడలేదు, విసిగి ఉంది.

"తెలుగు క్లాసులో క పక్కన సున్న పెడితే కం అయింది కదా తాతగారూ?"

"అయింది."

"లెక్కల్లో ఒకటి పక్కన సున్న పెడితే పది అయింది కదా?"

"అయింది."

"సున్న వస్తే అన్నీ మారుతున్నాయి. మరి ఐదు ఒక్కటే ఎందుకు మారదు? సున్నంటే ఏమీ లేదని టీచర్ చెప్పారు. ఏమీ లేకపోతే కం ఎలా అయింది?"

పరాంకుశం నోరు తెరిచాడు. ఇందులో ఏముంది అనబోయాడు. ఏముందో తనూ ఆలోచించసాగాడు. తెరమీద ఆయన పేరు పక్కన చుక్క ఎర్రబడింది. పిల్లలంతా గొల్లుమన్నారు.

సరిగ్గా అప్పుడే అన్నం గంట కొట్టారు.

పరాంకుశం తెర వంకే చూస్తున్నాడు కాబట్టి కనిపించింది. ఇరవైరెండు చుక్కలూ ఒక్కసారిగా, పాఠం చెప్పినప్పటికన్నా రెట్టింపు కాంతితో పచ్చగా వెలిగాయి.

"ఇప్పుడు వీళ్లకేం అర్థమైంది?" అన్నాడు ఆయన.

"రోజూ ఇంతే సార్. గంట కొట్టగానే అందరికీ అన్నీ అర్థమైపోతాయి. మూడుసార్లు మీకు రాశాను. యంత్రంలో చిన్న గోల, పట్టించుకోవద్దని మీ ఆఫీసు నుంచి జవాబొచ్చింది."

ఆయన అటక నిచ్చెన ఎక్కాడు. ఆ వయసులో ఎక్కకూడదు గానీ ఎక్కాడు. ఇందుమతి కిందనుంచి నిచ్చెన పట్టుకుంది. కువలయ కూడా అన్నానికి వెళ్లకుండా ఒక కొస పట్టుకుంది, తన ప్రశ్న ఇంకా తేలలేదు కదా.

"మాపినీ, మొదటి పదివేల నమూనాలు తియ్యి," అన్నాడు పరాంకుశం. "అర్థమైంది అన్నాక వాళ్లకు ఏం జరిగింది?"

"పాఠం ముగిసింది. భోజనానికి పంపారు," అంది మాపిని.

"అర్థం కాలేదు అన్నవాళ్లకు?"

"మళ్లీ మొదటినుంచి చెప్పారు. రెండోసారి పాఠం విన్నవాళ్లలో నూటికి తొంభైతొమ్మిదిమంది అర్థమైందన్నారు."

కిందనుంచి ఇందుమతి కిసుక్కున నవ్వింది. పరాంకుశానికి నవ్వు రాలేదు.

"బోధతరంగం లేచిన క్షణంలో వాళ్లేమన్నారు?"

"ఎక్కువమంది ఒకే మాట అన్నారు. పాఠానికి సంబంధం లేని మాట అని మీరు దాన్ని కొట్టేయించారు. నా దగ్గర ఇంకా ఉంది."

"ఏమిటా మాట?"

"హమ్మయ్య."

పరాంకుశం అటక అంచున కూలబడ్డాడు. పాతికేళ్లు. మూడు గ్రహాల బడులు. తను పట్టుకున్నది జ్ఞానమనుకుని ఊరేగాడు. పట్టుకున్నది గండం గడిచిందని మనిషి విడిచే ఊపిరి. ఎక్కడెక్కడ పిల్లలు కళ్లు మూసుకుని తలూపారో అక్కడల్లా పచ్చదీపం వెలిగింది. ఎక్కడ ఒక పిల్ల నిజంగా ఆలోచిస్తూ కూర్చుందో అక్కడ ఎర్రదీపం వెలిగింది. దాన్ని పట్టుకుని తను సంచులు సర్దించాడు. ఆయనకు సిగ్గేసింది, కళ్లు చెమర్చాయి.

దిగివచ్చి బదిలీ కాగితాన్ని నాలుగు ముక్కలు చేశాడు.

"బండిని వెళ్లిపొమ్మనండి. కువలయ ఎక్కడికీ వెళ్లదు. అక్కడికి పంపిన పిల్లలందరినీ ఈ వారంలోనే వెనక్కి రప్పిస్తాను. వాళ్లమ్మకి మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా?"

ఇందుమతి గోడకు చేరగిలబడి, రెండు చేతులూ గుండెలమీద పెట్టుకుని, టర్మ్ అంతా బిగబట్టిన ఊపిరిని ఒక్కసారి వదిలింది. "హమ్మయ్య!"

ఆమె చెవి వెనక దీపం లేదు. పరాంకుశం చెవి వెనక ఉంది. తెరమీద ఆయన చుక్క ధగధగా పచ్చగా వెలిగింది. ఇప్పుడది దేనికి వెలిగిందో ఆయనకు బాగా తెలుసు.

అప్పుడు ఇందుమతి కువలయను దగ్గర కూర్చోబెట్టుకుంది.

"చూడు అమ్మలూ. కలపడం వేరు, పక్కన కూర్చోవడం వేరు. నీ చేతిలో ఐదు గింజలున్నాయి. నేను ఉత్త చెయ్యి తెచ్చి కలిపాననుకో. ఎన్ని?"

"ఐదే."

"అదీ కలపడం. మరి సున్న వచ్చి ఐదు పక్కన కూర్చుంటే? ఐదు లేచి పదుల కుర్చీలోకి జరగాలి. చోటు మారింది కాబట్టి యాభై. సున్న ఏమీ ఇవ్వలేదు, చోటు పట్టుకుందంతే. ఇక తెలుగులో సున్న వేరు, పేరు మాత్రం ఒకటే, దానికి పలుకుంది. మీ క్లాసులో ఇద్దరు సాకేత్‌లు లేరూ? అలాగ."

కువలయ పెదవి కొరుక్కుంటూ ఆలోచించింది. పలకమీద 50 తుడిచి 5 వేసింది. మొహం విచ్చుకుంది. తెరమీద ఆమె చుక్క, సున్న దగ్గర టర్మ్ మొత్తంలో మొదటిసారి, పచ్చగా మారింది.

నిలవలేదు. రెండు క్షణాల్లో మళ్లీ ఎర్రబడింది.

"టీచర్, మరి అక్షరాల అట్టలో చివర అరసున్న ఉంది కదా? అది వచ్చి పక్కన కూర్చుంటే ఐదు సగమే జరుగుతుందా?"

ఇందుమతి పరాంకుశం వంక చూసింది. పరాంకుశం తెర వంక చూశాడు. ఆయన చుక్క కూడా ఎర్రబడి ఉంది. చెవి వెనక దీపం తీసేయబోయిన చెయ్యి దించేసి, పిల్లల బల్లమీద ఇరుక్కుని కూర్చుని, పలక ఇటివ్వమన్నాడు.