రెండో షిఫ్టు రెగ్యులేటర్

"రెండో షిఫ్టు దిగేలోపు ఆ మోటారు గదిలో ఏం పెట్టారో కనిపెట్టాలి. లేకపోతే మనుషులు పోతారు. ఓవర్."

హైదరాబాద్ నుంచి చీఫ్ అంతే చెప్పి ఫోన్ పెట్టేశాడు. ఏసీ గదుల్లో కూర్చున్నవాళ్లకు బ్రీఫింగ్ ఎప్పుడూ రెండు ముక్కల్లో అయిపోతుంది. మే నెల ఎండలో, గోదావరిఖని రోడ్డు మీద చెమట తుడుచుకుంటున్న సీక్రెట్ ఏజెంట్ సదానందానికి ఒళ్లు మండిపోయింది.

'గ్రే ఫాల్కన్' అనే విదేశీ ముఠా అక్కడి బొగ్గు గనిలో మ్యాన్ రైడింగ్ మీద కన్నేసింది. మ్యాన్ రైడింగ్ అంటే కార్మికులను కూర్చోబెట్టి, ఉక్కు తాడుతో ఏటవాలు సొరంగంలోకి దించే బండి. పైనున్న మోటారు పట్టు వదిలితే ఆ బండి ఎక్కడ ఆగుతుందో దేవుడికే తెలియాలి. ఇవాళ రెండో షిఫ్టులో దాని మొదటి వరుసలో కూర్చునేవాడు రాయమల్లు, సదానందం సొంత బావ. ఆ బావకు గాని, ఊళ్లో మరొకరికి గాని సదానందం గూఢచారి అని తెలియదు. అందరి దృష్టిలో అతను సర్క్యూట్ బోర్డులు బాగుచేసే మెకానిక్.

గని గేటు దగ్గర, ఐస్‌గోలాల బండి పక్కన నల్ల కళ్లద్దాలు పెట్టుకుని ఒక అందగత్తె నిలబడి ఉంది. బొగ్గు దుమ్ములో కూడా ఆమె సెంటు ఘుమఘుమలాడుతోంది.

"కమాన్‌పూర్ బస్సు పొయ్యిందా భాయ్?"

"పొయ్యింది. లారీ ఎక్కి వచ్చిన."

కోడ్ కలిసింది. ఆమె పేరు జబీన్. పైకి మోటారు కంట్రోలర్లు సరఫరా చేసే కంపెనీ ఇంజనీరు. నిజానికి గ్రే ఫాల్కన్‌లో దూరిన మన మనిషి. కనీసం చీఫ్ పంపిన మెసేజ్‌లో అలాగే ఉంది.

మోటారు గదిలో షిఫ్టు చూసుకునే ఓవర్‌మన్ లింగమూర్తి చిర్రుబుర్రులాడుతున్నాడు. "పొద్దటి సంది గిదే కథ తమ్మీ. బండి జరంత కదులుతది, ఆగుతది. బోర్డు మీద గా రెగ్యులేటర్ ముట్టుకుంటే చెయ్యి కాలుతున్నది."

"ముందు గిది చెయ్ భాయ్," జబీన్ చెవిలో గుసగుసలాడింది. "లేకుంటే మనల్ని బయటికి గెంటుతరు. తర్వాత గది వెతుకుదాం."

మాట సబబుగానే ఉంది. సదానందం ప్యానెల్ తలుపు తెరిచి తల పట్టుకున్నాడు. లోపల ప్రతి వస్తువుకూ ప్లాస్టిక్ కవరు. గాలి రంధ్రాల నిండా కుక్కిన దూది పీచు. బొగ్గు ఊళ్ల అలవాటు ఇది. దుమ్ము పడుతుందని ఇక్కడ టీవీ రిమోట్‌కు కవరు, ఫ్రిజ్‌కు కవరు, పెళ్లి ఫొటోకు కూడా కవరు. బోర్డు ఉడికిపోక ఏం చేస్తుంది? ఆ ఊరి బిడ్డ కాబట్టి సదానందానికి ఇంకో ఆలోచనే రాలేదు. కవర్లన్నీ పీకేశాడు, పీచు లాగేశాడు.

"అయిపాయె. నడిపియ్యి కాకా."

మోటారు తిరిగింది. టీ తాగినంత సేపు కూడా తిరగలేదు, ఆగింది. సదానందం రెగ్యులేటర్ మీద వేలు పెట్టి చురుక్కుమని వెనక్కి తీసుకున్నాడు.

ఆ బుల్లి రెగ్యులేటర్ పని ఏమంత గొప్పది కాదు. ఇరవై నాలుగు వోల్టులు తీసుకుని, బోర్డుకు అయిదు ఇవ్వడం. మిగిలింది వేడిగా మార్చి వదిలేస్తుంది. వేడి మరీ ఎక్కువైతే తనంతట తానే ఆగిపోతుంది. జబీన్ హ్యాండ్‌బ్యాగులోంచి కొత్తది తీసి ఇచ్చింది. అతను టంకం వేసి బిగించాడు. అదీ కాలింది. ఇంకోటి ఇచ్చింది, అదీ అంతే. దేశం కోసం ప్రాణమిస్తానని ప్రమాణం చేసినవాడు వేళ్లు కాల్చుకుంటూ కూర్చున్నాడు. చేతిలో ఉన్న స్క్రూడ్రైవర్ విసిరి కొట్టాలనిపించింది.

చివరికి పాత ట్యూబ్‌లైట్ పట్టీలోంచి అల్యూమినియం ముక్క కోసి రెగ్యులేటర్ వీపుకు బిగించాడు. ఎదురుగా స్టాండు ఫ్యాన్ పెట్టాడు. ఈసారి మోటారు ఆగలేదు.

"ఓకేనా?" అన్నాడు లింగమూర్తి.

"ఓకే," అన్నాడు సదానందం. జబీన్ హాయిగా ఊపిరి పీల్చుకుంది.

కిటికీ దగ్గర హెల్మెట్ పెట్టుకున్న రాయమల్లు ముఖం కనిపించింది. "ఏం బామ్మర్ది, మా ఇంట్ల కూలర్ లెక్క ఖరాబు చెయ్యలేదు గదా?" నవ్వుకుంటూ వెళ్లి బండిలో మొదటి వరుసలో కూర్చున్నాడు. గంట మోగింది. బండి దిగడం మొదలైంది. జబీన్ ఫోన్ వచ్చిందంటూ బయటికి నడిచింది.

సదానందానికి మాత్రం చిరాకు పోలేదు. ఇంత చిన్న బోర్డు వాడే కరెంటుకు రెగ్యులేటర్ గోరువెచ్చగా ఉండాలి. దానికి ఫ్యాన్ ఎందుకు? మీటర్ పెట్టి చూశాడు. ఉండాల్సినదానికి రెట్టింపు కరెంటు పోతోంది. ఎవరు తాగుతున్నారు? అయిదు వోల్టుల తీగను వేలితో తడుముతూ బోర్డు వెనక్కి వెళ్లాడు. అక్కడ అగ్గిపెట్టెంత నల్లటి డబ్బా ఉంది. దానికి కవరు లేదు. అయినా దాని మీద దుమ్ము రవ్వంత కూడా లేదు.

ఈ ఊళ్లో దుమ్ము పట్టని వస్తువంటే ఇవాళ వచ్చిన వస్తువే. దాని ఇంకో తీగ నేరుగా బ్రేకుల వైపు పోయింది.

దూరం నుంచి ఎవరో మీట నొక్కితే బ్రేకులు పట్టవని సదానందానికి అర్థమైంది. ఈ డబ్బా తాగే కరెంటు వల్లే రెగ్యులేటర్ ఉడికిపోతోంది. అది ఉడికి ఆగిన ప్రతిసారీ డబ్బా కూడా చచ్చిపోయింది. పొద్దుటి నుంచి మనుషులను కాపాడింది ఆ వేడే. దాన్ని కష్టపడి చల్లార్చి, నోటితో ఓకే చెప్పి, బావను బండి ఎక్కించింది మాత్రం తనే.

కిటికీలోంచి చూస్తే జబీన్ ఎండలో నిలబడి లిప్‌స్టిక్ తీస్తోంది. అది పెదవుల దాకా పోలేదు. ఆమె బొటనవేలు దాని అడుగున ఉన్న బటన్ మీదికి వెళ్లింది.

ఏ తీగ ఏమిటో చూసే టైం లేదు. సదానందం కట్టర్ తీసి రెగ్యులేటర్ మూడు కాళ్లూ ఒక్కసారే కత్తిరించాడు. బోర్డు చచ్చింది, డబ్బా చచ్చింది. కరెంటు ఉన్నంతసేపే తెరుచుకుని ఉండే బ్రేకులు ధడాలున పట్టుకున్నాయి. బయట జబీన్ బటన్ నొక్కింది. మళ్లీ నొక్కింది. ఏమీ కాలేదు.

సదానందం కిటికీలోంచి సైగ చేయగానే, గేటు దగ్గర ఐస్‌గోలాలు అమ్ముతున్నట్టు నటిస్తున్న మన ఇద్దరు ఏజెంట్లు ఆమెను పట్టుకుని జీపెక్కించారు.

"మావోళ్లు చలి దేశంల కూసొని తయారు చేసిన్రు గా డబ్బా," అంది జబీన్ అలసిపోయి, జీపు దగ్గరికి వచ్చిన సదానందంతో. "గీ ఎండల రెగ్యులేటర్ తట్టుకోలే. నీతోని రిపేర్ చేయించనీకె ఎంత పరేషాన్ అయిన తెలుసా భాయ్?"

సొరంగంలో సగం దూరంలో ఆగిన బండి దిగి, కార్మికులంతా తిట్టుకుంటూ ఏటవాలు ఎక్కి పైకి వచ్చారు. అందరికన్నా ముందు రాయమల్లు వచ్చాడు. బావను ప్రాణాలతో చూసుకునేసరికి సదానందం రెండడుగులు ముందుకు వేశాడు. వాటేసుకుందామనుకున్నాడు. కారణం చెప్పడానికి లేదు కాబట్టి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

రాయమల్లు ఆయాసపడుతూ హెల్మెట్ తీశాడు. "అన్నా," అన్నాడు లింగమూర్తితో. "మూడో షిఫ్టుకన్న పని వచ్చినోణ్ని పిలువు. వీడు మా ఇంటోడే, నేను సర్ది చెప్త గని, మళ్ల గేటు లోపలికి రానియ్యకు."