రెండో గుండు

క్రిస్మస్ మర్నాడు పెన్సిల్వేనియా కొండల్లో చెకుముకి తుపాకుల వేట మొదలవుతుంది. ఆ పొద్దున వేట గుడిసెలో ఓరిన్ హాక్ బల్ల మీద సీసపు గుండ్లు, చారల పరుపుగుడ్డ ముక్కలు, తుపాకీమందు నింపిన కొమ్ము పరుచుకుని కూర్చున్నాడు. ఎదురుగా తమ్ముడి కూతురు థియా. తమ్ముడు లైల్ నిరుడు ఇదే వేటలో గాయపడ్డ దుప్పి వెంట మంచులోకి వెళ్లి, వాగు ఒడ్డున గడ్డకట్టి దొరికాడు. అప్పటి నుంచి ఓరిన్‌కి ఏడుపు రాలేదు, కోపమూ రాలేదు. కాఫీ తాగినా వేడినీళ్లే, మాంసం తిన్నా పీచే. నాలుక కూడా మొద్దుబారిపోయింది.

"అరవై గ్రెయిన్ల మందు చాలు పెదనాన్నా. నాన్న అంతే పోసేవాడు."

"అరవైకి దుప్పి తుమ్మి వెళ్లిపోతుంది. తొంభై పోస్తే నిలబడ్డచోటే కూలుతుంది."

"ఈ అరవై తొంభైల గురించే అమ్మానాన్నల పెళ్లిలో మీరిద్దరూ చొక్కాలు పట్టుకున్నారటగా!"

"ఒక్క చొక్కాయే చిరిగింది. అదీ వాడిదే."

తుపాకీ లైల్‌ది కాబట్టి అరవయ్యే పోశాడు. లైల్ అయితే గుడ్డముక్కని పొగాకుతో పాటు బుగ్గన పెట్టుకుని, ఉమ్ముతో తడిపి గుండుకి చుట్టేవాడు. వింటర్‌గ్రీన్ పొగాకు. నొప్పుల బామ్ లాంటి ఘాటు. ఓరిన్‌కి ఆ అలవాటు అసహ్యం. అతను గుడ్డకి కొవ్వు రాసి గుండు చుట్టి, పొడుగు కర్రతో గొట్టం అడుగుదాకా దట్టించాడు. కర్ర మీది కత్తిగాటు సరిగ్గా గొట్టం మూతికి వచ్చింది.

"ఈ గాటు చూసుకోవాలి. పైకి తేలిందంటే మరిచిపోయి రెండోసారి దట్టించావన్న మాట. అప్పుడు పేల్చావా, గొట్టం పగిలి ముఖం పోతుంది."

రాత్రి ఫోన్‌లో థియా తల్లి అన్న మాట అతని చెవుల్లోనే ఉంది. "ఆయన్ని ఎలాగూ తేలేకపోయారు బావగారూ. పిల్లనైనా క్షేమంగా తీసుకురండి."

మధ్యాహ్నానికి వాగు పైన హెమ్లాక్ చెట్ల కింద మాటు వేశారు. రొట్టె తిన్నాక తుపాకీని వెనక చెట్టుకి ఆనించి థియా కునుకు తీసింది. గాలి లేదు. మంచు మీద వెలుగు బూడిద రంగుకి తిరిగింది. ఓరిన్ వాగు వైపు చూస్తూ కూర్చున్నాడు. ఎంతసేపో తెలియదు. ఏమీ ఆలోచించలేదు.

టక్... టక్... గొట్టంలో కర్ర దిగుతున్న చప్పుడు.

థియా కళ్లు తెరిచింది. "నువ్వేనా?"

"కాదు." అతను తుపాకీ ఆనించిన చెట్టు పక్కనే నిలబడి ఉన్నాడు. ఎప్పుడు లేచాడో గుర్తు రాలేదు.

ఘాటైన వాసన ఒకటి చెట్ల మధ్య తేలింది.

అప్పుడే దుప్పి వచ్చింది. వాగు దాటి, ఇటు తిరిగి ఆగింది. థియా తుపాకీ అందుకుని, గొట్టం పక్కనున్న చిన్న దొప్పలో చిటికెడు మందు వేసి, గురి పెట్టింది. గాటు చూసుకోవాలన్న మాట ఇద్దరికీ గుర్తు లేదు. చెకుముకి కొట్టింది... నిప్పురవ్వలు... దొప్పలో మందు భగ్గుమంది.

తుపాకీ పేలలేదు.

దుప్పి తాపీగా వెళ్లిపోయింది. ఓరిన్ కాసేపు ఆగి, కర్ర తీసి గొట్టంలోకి జారవిడిచాడు. గాటు మూతికి మూడు వేళ్ల ఎత్తున ఆగింది.

"నేను ముట్టుకోలేదు పెదనాన్నా... ఒట్టు."

గుడిసెకి వచ్చి, కర్రకి మర బిగించి గుండు లాగాడు. పైగుండుతో వచ్చిన గుడ్డ తడిగా ఉంది. గోరువెచ్చగా ఉంది. వింటర్‌గ్రీన్ వాసన.

"నాన్న..." థియా ఆ వాసన గుర్తుపట్టింది. "నాన్న నన్ను చంపాలని చూశాడా?"

ఓరిన్ పైమందు వంచి కొలిచాడు. తొంభై. తర్వాత అడుగు గుండు లాగి ఆ మందూ కొలిచాడు. అరవై. చిటికెడు తీసి పొయ్యి మీద చల్లితే భగ్గున మండింది. మందు పొడిగానే ఉంది. దొప్పలోంచి గొట్టంలోకి నిప్పు వెళ్లే రంధ్రమూ శుభ్రంగానే ఉంది. పేలకపోవడానికి కారణమే లేదు.

"మీ నాన్న తొంభై పోయడు," అన్నాడు ఓరిన్. "చచ్చినా పోయడు."

థియా బల్ల దగ్గర నుంచి లేచింది. అతని ముఖం వైపే చూస్తూ మెల్లగా తలుపు దాకా వెనక్కి నడిచింది.

"పెదనాన్నా... ఏం నములుతున్నావు?"

అప్పుడు తెలిసింది అతనికి, తన దవడ ఆడుతోందని. ఏడాదిలో మొదటిసారి నాలుకకి ఒక రుచి తగిలింది, వింటర్‌గ్రీన్ ఘాటు. భయం వేయాలి. వేయలేదు. అరచేయి చాచి ఉమ్మాడు.

చారల గుడ్డముక్క. బాగా నాని, ఇంకో గుండుకి సిద్ధంగా ఉంది.