పద్నాలుగో నంబర్ మీద ఎర్రగీత

మా నర్సింగ్ కాలేజీలో మెట్ల కింద గదికి మంచి పేరు లేదు. పొద్దువాలితే దాని ముందు నుంచి పిల్లి కూడా పోదు. తప్పనిసరైతే కళ్ళు మూసుకుని పోతుంది. ఒకసారి గబ్బిలం ఒకటి పొరపాటున లోపలికెళ్ళి, బయటికొచ్చేసరికి కొంగలా తెల్లబడిపోయిందట. నేను చూళ్ళేదు గానీ, చూసినవాళ్ళని చూశాను.

ఆ గదిలో కూర్చునేవాడు కురియన్. యాభై దాటినవాడు. మీసానికి మాత్రం ఎప్పుడూ ముప్ఫయ్యే. మా పిల్లలు కంప్యూటర్లో ఏం వెతుకుతున్నారో, ఏది చూడొచ్చో, ఏది కూడదో చూసుకునే ఫిల్టర్ అతని చేతిలో ఉండేది. దాని డ్యాష్‌బోర్డు అతని ముందు పగలూ రాత్రీ వెలుగుతూ ఉండేది. ఏ పిల్ల, ఏ నంబర్ కంప్యూటర్ మీద, ఎన్నింటికి, ఏం అడిగింది... అన్నీ వరసగా గీతలు. తెరుచుకున్నది పచ్చగీత. ఆపేసింది ఎర్రగీత.

ఎర్రగీతల జాబితా రోజూ సాయంత్రం నా చేతికొచ్చేది. హాస్టల్ మేట్రన్ ఏలియమ్మని కదా, అందరికీ అమ్మచ్చిని. జపమాల ప్రార్థన అవగానే రెండువందల మంది పిల్లల ముందు పేర్లు చదివేదాన్ని. పేరు వినబడ్డ పిల్ల లేచి నిలబడాలి. నేను "కూర్చో" అనేదాకా కూర్చోకూడదు. అది మా హాస్టల్ ఆచారం.

ఆ ఏడు, ఉపవాసాలుండే రోజుల్లో... ఈస్టరుకి ముందు... కురియన్ కంటికి ఒక ఎర్రగీత పడింది.

రాత్రి ఏడూ నలభై. పద్నాలుగో నంబర్ కంప్యూటర్. పేరు — ట్రీసా. అడిగింది రెండు మాటలు.

కురియన్ చేతిలో చాయ్ గ్లాసు అలాగే ఆగిపోయింది.

ఏడూ నలభైకి పిల్లలందరూ ప్రార్థన గదిలో ఉంటారు. కంప్యూటర్ హాలుకి తాళం. పైగా ట్రీసా... కాలేజీ మానేసి ఇంటికెళ్ళి అప్పటికి నెల.

మర్నాడు మళ్ళీ. ఏడూ నలభై. అదే నంబర్, అదే పేరు, అవే రెండు మాటలు. ఆపేశాడు, వచ్చింది. మిషన్ ఆపి మళ్ళీ పెట్టాడు, వచ్చింది. అయిదో రోజుకి కురియన్ మెడలో మూడు శిలువలు, జేబులో తీర్థం సీసా. బరువు తూకం వేస్తే సగం మనిషి మాయం.

ఆరో రోజు పొద్దున్నే వంటింటి దగ్గర నన్ను పట్టుకున్నాడు.

"అమ్మచ్చీ... ఒక మాట. ఎవరికీ చెప్పకండి."

"చెప్పన్రా మోనే, నా కొడకా. వంటవాళ్ళకి తప్ప."

గుసగుసగా అంతా చెప్పాడు.

"ఆ దెయ్యం ఏం అడుగుతోంది?" అన్నాను.

తల దించుకున్నాడు. "రొమ్ములో గడ్డ... అని."

"అడిగింది ఇచ్చెయ్. పోతుంది."

"ఎలా ఇస్తాను? రొమ్ము అన్న మాట చెడ్డమాటల జాబితాలో ఉంది. తియ్యాలంటే ప్రిన్సిపాల్ సిస్టర్ సంతకం కావాలి."

నర్సులవబోయే పిల్లలకి, ఆ మాట నిషేధం! కోడి రొమ్ముమాంసం కూర ఎలా వండాలో చూడబోయిన మా వంటమనిషి కూడా ఎర్రగీత తిన్నది.

"జాబితాలో పెట్టిందెవరు?"

మీసం మీద చెయ్యేసుకుని వెళ్ళిపోయాడు.

ఇక్కడ ట్రీసా సంగతి చెప్పాలి. దాటేద్దామనుకున్నాను, కానీ...

అంతకుముందు జూన్‌లో ఒక సాయంత్రం ఆ పిల్ల పేరు జాబితాలో పైన ఉంది. ఆ ఒక్క మాటకే తొమ్మిది ఎర్రగీతలు. చేరి పదిరోజులు కాలేదు. నేను గొంతు పెంచి చదివాను.

"ట్రీసా! తొమ్మిదిసార్లు! అంత చూడాల్సింది ఏముందమ్మా, నీ దగ్గర లేనిది?"

రెండువందల మంది నవ్వారు. కిటికీ అద్దాలు పగిలేలా. ఆ పిల్ల నిలబడింది. నేను "కూర్చో" అనడం మరచి గంజి తాగడానికి వెళ్ళిపోయాను. అందరూ భోంచేసి వచ్చేదాకా అలాగే నిలబడి ఉందట.

ఇక ఎవర్నీ ఏమీ అడగలేదు ఆ పిల్ల.

ఫిబ్రవరిలో వాళ్ళ అమ్మ పోయింది. మట్టికి నేనూ వెళ్ళాను. సమాధి దగ్గర ట్రీసా నా చెయ్యి పట్టుకుని మెల్లిగా అంది —

"అమ్మచ్చీ, ఆ రోజు మా అమ్మ ఫోన్లో అడిగింది. గడ్డలా ఉంది, నొప్పి లేదు, ఏమన్నా అవుతుందా అని. చూసి చెబుతానన్నాను. తర్వాత... ఏమీ కాదులే అమ్మా అని చెప్పేశాను."

తిట్టలేదు. తిడితే బాగుండేది. ఇద్దరు తమ్ముళ్ళు ఉన్నారని చదువు మానేసింది.

సరే, దెయ్యం దగ్గరికొద్దాం.

పదిహేడో రోజు. ఆకాశం చిల్లుపడ్డట్టు వాన, కరెంటు వస్తూ పోతూ ఉంది. కురియన్ తెగించాడు. టార్చి పట్టుకుని, ఏడున్నరకే, గోడవారగా... ఒక్కో అడుగూ... కంప్యూటర్ హాలు దాకా వెళ్ళాడు.

అవతలి ప్రార్థన గదిలోంచి పిల్లల జపం వినబడుతోంది.

హాలుకి తాళం లేదు.

కిటికీలోంచి చూశాడు. చీకట్లో ఒక్క తెర వెలుగుతోంది. పద్నాలుగోది. దాని ముందు... నిలువెల్లా తెల్లబట్టలు. నెరిసిన జుట్టు. ఒక్క వేలు మీటల మీద ఆగి... ఆగి... దిగుతోంది.

టక్.

టక్.

ఆడదెయ్యం యక్షి అనుకున్నాడట. కానీ యక్షి వస్తే పాలచెట్టు పూల వాసన రావాలి. వచ్చింది మోకాళ్ళ నూనె వాసన.

"ఎ... ఎవరది?"

తెల్లబట్టల మనిషి తిరిగింది.

"అరవకురా, జపం చెడుతుంది" అన్నాను.

అవును, నేనే. రెండువందల మందిని లెక్కపెట్టే మనిషిని ఎవరు లెక్కపెడతారు? తాళాలన్నీ నా నడుముకే. పిల్లల పాస్‌వర్డులు నా రిజిస్టర్లోనే. నాకు ఇంగ్లీషులో టైపు చెయ్యడం వచ్చింది ఆ రెండు మాటలే.

కురియన్ గుమ్మంలో కూలబడ్డాడు. "ఎందుకమ్మచ్చీ ఈ పని?"

"మొదటిరోజు... ఆ పిల్లకి ఏం కనబడిందో చూద్దామని. ఎర్రటి చెయ్యి బొమ్మ ఒకటి, నీకు ఇది తగదు అని రాసి ఉంది. తొమ్మిదిసార్లు అదే చూసిందిరా ఆ పిల్ల. తర్వాతి రోజుల్లో... నువ్వు భయపడైనా తెరుస్తావేమోనని."

కురియన్ లేచి, మెట్ల కింద గదికి నడిచాడు. నేనూ వెంట నడిచాను. డ్యాష్‌బోర్డులో చెడ్డమాటల జాబితా తెరిచాడు. ఆ మాట పక్కనున్న గుర్తు తీసేశాడు. అంతే... ఈగని తోలినంత పని.

"సిస్టర్ అడిగితే?"

"దెయ్యం చేసిందని చెప్పు."

అక్కడే మళ్ళీ కొట్టాను. పచ్చగీత. పేజీ తెరుచుకుంది. మొదటి వాక్యం కురియన్ నాకు చదివి వినిపించాడు — నొప్పి లేకపోయినా సరే, ఆలస్యం చెయ్యకుండా డాక్టరుకి చూపించుకోండి.

తెరుచుకోవడానికి రెండు సెకన్లు పట్టింది. ఈ రెండు సెకన్లు మాత్రం నేను పెంచి చెప్పడం లేదు.

అప్పటికి జపమాల అయిపోయింది. పిల్లలు నా కోసం చూస్తున్నారు. జాబితా లేకుండానే లోపలికెళ్ళి, ట్రీసా పేరు చదివిన గొంతుతోనే చదివాను.

"ఏలియమ్మ. పద్నాలుగో నంబర్. పదిహేడుసార్లు."

ఎందుకో కూడా చెప్పాను. ఈసారి ఎవరూ నవ్వలేదు.

పేరు వినబడ్డవాళ్ళు నిలబడాలి. నేను అప్పటికే నిలబడి ఉన్నాను.

కూర్చో అనాల్సిన పిల్ల... ఆ గదిలో లేదు.