కదలని గీత

శవం ప్రశాంతంగా ఉంది. అంతటి ప్రశాంతత ఆ గదిలో నాలుగేళ్ళుగా ఎవరికీ దక్కలేదు.

మంచం పక్కనున్న ఆక్సిజన్ మెషిన్ నాలుగేళ్ళపాటు రాత్రింబవళ్ళు గురగురలాడింది. గదిలోని గాలిని పీల్చి, వడగట్టి, ప్లాస్టిక్ గొట్టం గుండా పెద్దాయన ముక్కుకు అందించింది. ఈ మధ్యాహ్నం అది ఆగింది. దానితోపాటు పెద్దాయనా ఆగారు.

ఇన్‌స్పెక్టర్ గుమ్మం దాటేసరికి ఆయన చేతి గడియారంలో నాలుగూ ఐదు.

ఆయన వస్తున్నది దంతవైద్యుని కుర్చీలోంచి. దవడపన్ను మొండిది కావడంతో రెండు ఇంజెక్షన్లు పడ్డాయి. ఫలితంగా, న్యాయస్థాపనకు బయలుదేరిన ఆ మహాపురుషుని ముఖంలో ఎడమ సగం విధులకు హాజరు కాలేదు. బుగ్గ గిల్లినా తెలియడం లేదు. నిజానికి ఈ మధ్య ఏ శవాన్ని చూసినా ఆయనకేమీ తెలియడం లేదు. ఇవాళ దానికొక వైద్యపరమైన సాకు దొరికింది, అంతే.

"కరెంటు పోయిందా?"

"లేదు సార్," అన్నాడు హెడ్ కానిస్టేబుల్. "లిఫ్ట్ నడిచింది. పక్కింట్లో టీవీ నడిచింది. ఈ ఇంట్లోనే ఫ్రిజ్ నడిచింది."

"మెషిన్ పాడైందా?"

"బటన్ నొక్కి చూశా సార్. బంగారంలా తిరుగుతోంది. మళ్ళీ ఆపేశా."

"అయితే?"

"చెయ్యి సార్. ఎవరిదో చెయ్యే ఆపింది. బటన్ నొక్కి, తాళం వేసుకుని, మందుల షాపుకి వెళ్ళినట్టు వెళ్ళింది. సాయంత్రానికి అరెస్ట్ చూపించేద్దాం."

హెడ్ చూపు కోడలి మీదుంది. ఆమె గోడవారగా కుర్చీలో కూర్చుని ఉంది. భర్త పోయి ఆరేళ్ళయింది. అయినా మామగారిని వదిలి వెళ్ళలేదు.

వరండాలోంచి ఆడపడుచు గొంతు వినిపించింది.

"మా వదినే! ఇంకెవరు? విసిగిపోయింది, ఆపేసింది! కంట్లో చుక్క ఉందేమో చూడండి! కన్నకూతుర్ని నేను పొర్లి పొర్లి ఏడుస్తుంటే, ఆవిడ బస్సు కోసం ఎదురుచూస్తున్నట్టు కూర్చుంది!"

ఇన్‌స్పెక్టర్ కోడలి ముందు నిలబడ్డాడు.

"ఎన్నింటికి బయటికెళ్ళావమ్మా?"

"రెండూ ఇరవైకండీ."

"మెషిన్?"

"నడుస్తోంది. ఇదివరకు స్నానానికి కాసేపు ఆపేదాన్ని, మూడు రోజులుగా అదీ లేదు."

"ఆయన ఏమైనా అన్నారా?"

"తొందరగా రమ్మన్నారు. పేపర్లో సంపాదకీయం మిగిలిపోయింది, చదివి పెట్టాలి."

"తిరిగొచ్చింది?"

"మూడుకి ఐదు నిమిషాలు తక్కువ. షాపులో లైను ఉంది. తలుపు తీయగానే అర్థమైంది."

"చూడకుండానే?"

"చప్పుడు లేదండీ."

"ఏడవలేదేం?"

ఆమె కాస్త ఆలోచించింది. అడిగిన వస్తువు ఇంట్లో ఉందో లేదో గుర్తుచేసుకుంటున్నట్టు.

"రావట్లేదండీ."

అన్ని ప్రశ్నలకూ ఒకే గొంతు. హెచ్చు లేదు, తగ్గు లేదు. ఇన్‌స్పెక్టర్‌కు ఇరవయ్యేళ్ళ అనుభవం. ఆ అనుభవం వద్ద ఇటువంటి గొంతులకు ఒక అర సిద్ధంగా ఉంటుంది. ఆమెను అందులో పెట్టేశాడు. హెడ్‌కు తల ఊపబోయాడు కూడా.

అప్పుడే గడియారం కనిపించింది.

మంచం పక్క స్టూలు మీద డిజిటల్ గడియారం. ముసలి కళ్ళకు ఆనేలా ఎర్రటి పెద్ద అంకెలు. ఒంటిగంటా ముప్పై తొమ్మిది అంటూ మిణుకుమిణుకుమంటోంది. ఆయన చేతి గడియారంలో నాలుగూ పది.

"అది పాడు గడియారం సార్," అన్నాడు హెడ్. "నేనొచ్చేసరికి గంట దగ్గర సున్నా చూపిస్తోంది."

"అప్పుడు సున్నా, ఇప్పుడు ఒకటి. అంటే నడుస్తోంది కదయ్యా?"

"నడుస్తోంది సార్. తప్పుగా నడుస్తోంది."

"అమ్మా, ఇది ఎప్పుడు పాడైంది?"

"పాడవలేదండీ. మధ్యాహ్నం మాత్రలు దీన్ని చూసే వేశాను."

ఇన్‌స్పెక్టర్ మోకాళ్ళ మీద వంగాడు. గడియారం తీగా, మెషిన్ తీగా ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సులోకి వెళుతున్నాయి. ఆ బాక్సు గోడలోని తెల్లటి ప్లగ్గులోకి వెళుతోంది. ప్లగ్గు మీద నీలం లైటు, ఒక స్టిక్కరు.

"ఇదేంటి?"

"పరిశోధన కేంద్రం వాళ్ళు పెట్టారండీ. స్మార్ట్ ప్లగ్గట. కరెంటు పొదుపు కోసం అపార్ట్‌మెంట్లన్నిటికీ పెట్టారు. మామయ్య మెషిన్ జోలికి మాత్రం రామని మాటిచ్చారు."

ఆయన లేచి నిలబడ్డాడు. మోకాళ్ళు పటపటమన్నాయి. బుగ్గ మాత్రం మౌనం వీడలేదు.

"హెడ్, మందుల షాపులో కెమెరా ఉందేమో చూడు. తర్వాత అందర్నీ ఆ కేంద్రానికి తీసుకురా."

* * *

ఆరు గంటలకు సెమినార్ హాల్లో సభ తీరింది.

ఆ భవనం సామాన్యమైనది కాదు. తనను తాను పాలించుకునే భవనం. ఎక్కడ ఎంత చల్లబరచాలో, ఏ దీపం ఎప్పుడు ఆరాలో సమీకరణాలే నిర్ణయిస్తాయి. ఆ సామ్రాజ్యానికి అధిపతి ప్రొఫెసర్. ఆయన చేయి ఊపగానే తలల మీది లైట్లు వెలిగాయి.

"మోషన్ సెన్సర్," అని వివరించాడు ప్రొఫెసర్. "కదలిక లేదంటే మనుషులు లేరన్నమాట. అవే ఆరిపోతాయి. వృథా అనే మాట ఇక్కడ ఉండదు."

ఆయన పక్కన రీసెర్చ్ స్కాలర్ నిలబడ్డాడు. ఆరేళ్ళుగా పీహెచ్‌డీ చేస్తున్నాడు. ముడి డేటాలోని చెత్తను ఊడ్చడం ఆయన పని. అందుకే ల్యాబంతా ఆయన్ని చీపురు అని పిలుస్తుంది. ఆయనా పలుకుతాడు.

ముందు వరుసలో కోడలు కూర్చుంది. రెండు కుర్చీలు వదిలి ఆడపడుచు. తలుపు దగ్గర హెడ్.

"ప్రొఫెసర్‌గారూ, మీ ప్లగ్గులు కరెంటు ఆపగలవా?"

"గిరాకీ బాగా పెరిగినప్పుడు గీజర్లని, ఏసీలని ఆపుతాం. ఐదు నిమిషాలు, అంతే."

"ఆక్సిజన్ మెషిన్‌ని?"

"అసంభవం! మెడికల్ లోడ్ అని, ఎప్పుడేది ఆపాలో తేల్చే మా ఆప్టిమైజర్‌కి మొదటి షరతుగానే రాశాం. ప్రపంచం చీకటైపోయినా దాన్ని ముట్టుకోదు. నా పదవి పందెం!"

"పదవి ఉండనివ్వండి. ఇవాళ్టి గ్రాఫ్ చూపించండి."

తెర మీద గీతలు లేచాయి. ఒక్కో ఇంటి ప్లగ్గుకు ఒక్కో గీత. పొద్దున పొంగి, మధ్యాహ్నం వాలి, సాయంత్రం మళ్ళీ పొంగే గీతలు. ఎంతో శుభ్రంగా, ఎంతో అందంగా ఉన్నాయి.

"ఈవిడ ఇల్లు ఏది?"

ప్రొఫెసర్ వెతికాడు. మళ్ళీ వెతికాడు. "చీపురూ, ఆ ఇల్లేదయ్యా?"

స్కాలర్ గొంతు సవరించుకున్నాడు. "అది... క్లీనింగ్‌లో పోయింది సార్."

"పోవడమేంటి? ఇల్లు ఎక్కడికి పోతుంది?"

"ఫ్లాట్ లైన్ సార్. మూడు రోజులుగా గీత పైకి లేవలేదు, కిందికి దిగలేదు. మనుషులు వాడే వస్తువైతే ఎక్కడో ఒకచోట ఆపుతారు, మళ్ళీ వేస్తారు. గీత కదల్లేదంటే ప్లగ్గులో సెన్సర్ చచ్చినట్టు లెక్క. అందరూ అలాగే తీసేస్తారు సార్."

"తీసేశాక?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"ఇంతకుముందు గ్రాఫ్‌లోంచి తీసేసి ఊరుకునేవాళ్ళం. జర్నల్‌కి పంపిన మా పరిశోధన పత్రం చూసిన రివ్యూయర్, చచ్చిన సెన్సర్లని ఏం చేస్తున్నారని అడిగాడు. అందుకని ఇవాళ పొద్దున..."

"ఇవాళ పొద్దున?"

"ఆటో రీసెట్ పెట్టాను. అలాంటి ప్లగ్గుని ఒక్క క్షణం ఆపి మళ్ళీ వేస్తుంది. ఒక్క క్షణమే సార్!"

"ఎన్నింటికి ఆపింది?"

స్కాలర్ కీబోర్డు మీద వేళ్ళు ఆడించాడు. అంకె కనిపించింది. చదవలేదు.

"నేను చెప్తాను," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "రెండూ ముప్పై ఒకటి."

ప్రొఫెసర్ ఉలిక్కిపడ్డాడు. "మీకెలా తెలుసు?"

"ఆ గదిలో ఒక గడియారం ఉంది. కరెంటు పోయి వస్తే సున్నా నుంచి మొదలుపెడుతుంది. నేను చూసినప్పుడు నాలుగూ పది. అది ఒంటిగంటా ముప్పై తొమ్మిది అంటోంది. నాలుగూ పదిలోంచి అది తీసేస్తే రెండూ ముప్పై ఒకటి వస్తుంది. మెషిన్ బటన్ చేత్తో నొక్కి ఆపితే గడియారం ఎందుకు పోతుంది? రెండింటికీ ఒకేసారి కరెంటు పోయింది. అదీ ఆ ప్లగ్గు దగ్గరే పోయింది. ఆ నిమిషంలో ఈవిడ మందుల షాపు లైన్లో, కెమెరా ఎదుట నిలబడి ఉంది. ఇంటికి తాళం."

"కానీ ఒక్క క్షణమే కదా..." అన్నాడు ప్రొఫెసర్.

"గడియారానికి తిరిగి నడవడానికి ఎవరి చెయ్యీ అక్కర్లేదు. మెషిన్‌కి కావాలి. కరెంటు వచ్చినా, బటన్ నొక్కితేగాని తిరగదు. నొక్కే మనిషి లైన్లో ఉంది."

"మా షరతు..."

"మీ ఆప్టిమైజర్ మాట తప్పలేదు లెండి. మెషిన్‌ని ముట్టుకోలేదు. దానికంటే ముందు లోపలికొచ్చి ఊడ్చే చీపురుకి ఆ మాట ఎవరూ చెప్పలేదు. రోగి మూడు రోజులు ఒక్క నిమిషం కూడా ఆపకుండా పీల్చాడు. ఆపలేని స్థితికి వచ్చాడు కాబట్టి. ఆవిడా ఒక్క నిమిషం ఆగనివ్వలేదు కాబట్టి. మీ రూలు ఆ గీతని చూసి, ఇక్కడ ఎవరూ బతికి లేరనుకుంది."

చెప్పడం ముగించాక ఇన్‌స్పెక్టర్‌కు తన మాటలే చెవిలో పడ్డాయి. నాలుగూ పదికి, ఆ గదిలో, కదలని గొంతును విని తాను వాడిన రూలూ అదే. ఆయన దాన్ని సభకు విన్నవించలేదు. మహాపురుషులు అన్నీ విన్నవించరు.

"మీరిద్దరూ స్టేషన్‌కి రావాలి," అన్నాడు. "హెడ్, ఆవిడ అరెస్ట్ మాట మర్చిపో."

ఎవరూ లేవలేదు. ప్రొఫెసర్ చూపు తెర మీదే ఉండిపోయింది. స్కాలర్ చేతులు కీబోర్డు మీదే ఉండిపోయాయి. ఆడపడుచు తెరిచిన నోరు మూయలేదు.

కొంతసేపటికి ఆ విద్వద్భవనం తన కర్తవ్యం తాను నిర్వర్తించింది. హాల్లో ఎవరూ లేరని తేల్చుకుని లైట్లన్నీ ఆర్పేసింది. తెరా నల్లబడింది.

ఆ చీకట్లో ముందు వరుసలోంచి ఒక శబ్దం మొదలైంది.

సన్నగా, ఒకే స్థాయిలో, ఎక్కడా తెగకుండా. మొదట అదేదో యంత్రమనుకున్నాడు ఇన్‌స్పెక్టర్. తర్వాత అర్థమైంది. కోడలు ఏడుస్తోంది. లైట్లు వెలగలేదు. అంటే ఆ ఏడుపుకు ఆమె భుజాలైనా కదలడం లేదన్నమాట.

చేయి ఎత్తితే చాలు, వెలుగు వస్తుంది. ఆయన ఎత్తలేదు. ఎడమ దవడలో, పన్ను లేని చోట, ఏదో మెల్లగా మొదలైంది. నొప్పి. కదిలితే లైట్లు వస్తాయని, బుగ్గ పట్టుకోకుండా దాన్ని అలాగే రానిచ్చాడు.

"వదినా," అంది ఆడపడుచు గొంతు.

ఏడుపు ఆగలేదు.

"వదినా, నన్ను నీ దగ్గరికి రానివ్వు."

కుర్చీ కిర్రుమంది. లైట్లన్నీ ఒక్కసారిగా వెలిగాయి.