వేపాకు ఇంట్లో నలభై ట్యూబులు

"పన్నెండు గంటలకల్లా ఆ పెట్టె ఈడికి, వేలూరుకి చేరాల, అమ్మా. లేదంటే గ్రే హెరాన్ ముఠా చేతికి పోయినట్టే."

చీఫ్ గుణశేఖరం గొంతు తగ్గించాడు. పైకి అది బూట్ల కంపెనీ గోడౌను. లోపల రహస్య శాఖ ఆఫీసు. ఏజెంట్ అలమేలుమంగ నిలబడే వింటోంది. పొద్దున పూట ఆమె నడుము కర్రలా బిగుసుకుపోతుంది, కూర్చుంటే లేవలేదు.

"గుడియాత్తం నేతవీధిలో ఏడు కుటుంబాలకి నీ నడుము జబ్బే ఉండాది. ఒక జీన్ వల్ల, రోగాల్ని తరమాల్సిన ఒంట్లో సైన్యం సొంత ఎముకల్నే కొరకతాది. అదే జీన్ నిరుడు విషజ్వరంలో వైరస్‌ని ముందే పట్టిచ్చినట్టుండాది. వీధిలో పదకొండుమంది పోయినారు. ఆ ఏడిళ్ళలో ఒక్కరు పోలేదు. ఆ రక్తం హెరాన్‌కి దొరికితే మందు వాళ్ళది, పేటెంట్ వాళ్ళది. మనం వాళ్ళ గుమ్మం కాడ నిలబడాల."

అలమేలు పళ్ళు కొరికింది. ఇల్లిల్లూ తిరిగి, నెలరోజులు బతిమాలి తీయించిన రక్తం అది. నలభై ట్యూబులు. అందులో ఒకటి తనది. పోతే రెండోసారి ఎవరూ చెయ్యి చాపరు.

తోడుగా ఏసుదాస్‌ని ఇచ్చారు. నల్లకళ్ళద్దాలు, తళతళలాడే బూట్లు, ఆడపిల్లలు తలతిప్పి చూసే నవ్వు. "కే.వి.కుప్పంలో పుట్టినోణ్ణి మేడమ్. ఈ పక్క వీధులన్నీ నాకు తెలుసు."

అతని బైకు మీద ప్రతి గుంతా ఆమె వెన్నులో దిగింది. జడక్లిప్పులో దాచిన వైర్‌లెస్ చీఫ్ మాట వినిపించాలి. దారి పొడుగునా ఎలక్షన్ ఆటో మైకు మాత్రమే వినిపించింది. "తాయ్‌మార్‌గళే! తల్లులారా!" ఆఫీసు ఇచ్చే సామానంతా ఇంతే అని విసుక్కుంది.

వీధి మొత్తానికి ఫ్రిజ్ ఉన్నది అలమేలు మేనత్త కుప్పమ్మ ఇంట్లోనే. రక్తం పెట్టెని అలమేలు అందులోనే పెట్టించింది. ఇవాళ ఆ గుమ్మానికి వేపమండలు కట్టి ఉన్నాయి. అలమేలు చెప్పులు వీధిలోనే వదిలింది. ఏసుదాస్ ముందే లోపలికి నడిచాడు.

"అత్తా, పెట్టె ఇయ్యి."

"మనవరాలికి అమ్మోరు పోసినాది. తగ్గినాక తలకి మూడో నీళ్ళు పోసేదాకా ఉప్పుగల్లు గూడా గడప దాటదు." కుప్పమ్మ చూపు ఏసుదాస్ పాదాల మీదే ఉంది.

"గవర్నమెంటు పని అత్తా!"

"గవర్నమెంటు అయిదేండ్లకి ఒకటి వస్తాది. అమ్మోరికి కోపమొస్తే ఎవరు పలికేది?"

"నీ కాళ్ళకి దండం పెడతా."

"వంగలేవు గదే! ఎట్ట పెడతావు?"

అలమేలుకి ఏడుపొచ్చింది. ఇంతలో ఏసుదాస్ చేతిలో పిస్టల్ మెరిసింది. ఫ్రిజ్ తెరిచి పెట్టె లాక్కున్నాడు. "సారీ మేడమ్. హెరాన్ వాళ్ళు నన్ను ఇంతకన్నా బాగా చూసుకుంటారు."

వీధి చివర కాచుకున్న నల్లజీపులోకి దూకాడు, జీపు కదిలింది. అలమేలు పరిగెత్తబోయింది. నాలుగు అడుగులకే నడుము పట్టేసింది. బజారులో రెండు పార్టీల ఊరేగింపులు ఎదురెదురుగా వస్తున్నాయి. వాటి మధ్య సందు చూసుకుని జీపు వంతెన వైపు తిరిగింది. వంతెన దాటితే ఇక దొరకదు.

జడక్లిప్పు మళ్ళీ గురగురలాడింది. "తాయ్‌మార్‌గళే!"

వాళ్ళ మైకు నా క్లిప్పులోకి వస్తోందంటే, నా గొంతు వాళ్ళ మైకులోకి పోదా? క్లిప్పు నొక్కి అరిచింది. "తాయ్‌మార్‌గళే! ఆ నల్లజీపులో పెట్టె నిండా ఓటుకి పంచే కానుకలు! మీకియ్యకుండా ఎత్తుకొని పోతా ఉండారు!"

ఊరంతా ఆ గొంతు మోగింది. జీపు ముందు చక్రాలు వంతెన ఎక్కేలోపే జనం చుట్టుముట్టారు. రెండు రంగుల జెండాలూ ఒకే బానెట్ మీద వాలడం గుడియాత్తంలో అదే మొదటిసారి. ఎలక్షన్ ఫ్లయింగ్ స్క్వాడ్ వచ్చి పిస్టల్ లాక్కుని, పెట్టె మూత తీసింది.

లోపల చల్లటి రాగి అంబలి. పైన వేపాకు.

ఏసుదాస్ కన్నా అలమేలే ఎక్కువ అదిరిపడింది. కుంటుకుంటూ వెనక్కి వచ్చింది. "అత్తా, రక్తం యాడ?"

"మారిగాడి మాంసం అంగట్లో, ఐసుపెట్టెలో ఉండాది. అమ్మోరుండే ఇంట్లో నెత్తురు పెట్టుకుంటానా? మొదటి పొక్కు చూస్తానే, వేపాకు కట్టకముందే ట్యూబులు సంచిలో పంపించేసినాను, ఖాళీ పెట్టెలో అమ్మోరికి అంబలి పోసినాను."

"నాతో చెప్పొచ్చు గదా!"

"వాడి ముందరా? వేపాకు చూసి గూడా బూట్లతో లోపలికొచ్చినాడు. కే.వి.కుప్పంలో పుట్టినోడు అట్ట చేస్తాడా? పెద్ద ఏజెంటువి, నువ్వు చూడలేదా?"

చూడలేదు. మూడేళ్ళ ట్రైనింగు, ఒక్క జత బూట్లు కనపడలేదు.

స్క్వాడ్ వాళ్ళ జీపులో, మాంసం వాసన కొట్టే సంచితో ఆమె వేలూరు చేరేసరికి పన్నెండుకి ఒక్క నిమిషం తక్కువ. చీఫ్ నలభై ట్యూబులూ చూసి ఊపిరి వదిలాడు.

"వాణ్ణి పసిగట్టింది ఎవరమ్మా?"

"మా అత్త సార్. అచ్చం మా జీన్ మాదిరే. సొంతోళ్ళని కొరకతాది. దొంగని మాత్రం వదలదు."