మైకులో ఇంటి మాట

ఆ పొద్దు లక్ష్మియమ్మాళ్ వాకిట్లో కూర్చుని గుడి నుంచి తెచ్చిన పెద్ద ఇత్తడి బానను చింతపండుతో తోముతోంది. కులదేవతకు పొంగలి వండే వంతు ఈ ఏడు వాళ్ళింటికి వచ్చింది. ఆమె వండితే అన్నదమ్ముల వరస ఇళ్ళన్నీ తింటాయి. కోడలిగా వచ్చినప్పటి నుంచి ఆమె ఎదురుచూసిన వంతు అది.

అంతలో ఊళ్ళోకి మైకు ఆటో వచ్చింది. విరుదునగర్‌లోని ఒక ఆరోగ్య సంస్థది. అందులో వేసిన రికార్డులోంచి కూతురు జోతిలక్ష్మి గొంతు వినబడింది, అదీ ఊరి తమిళంలో కాదు, ఇంట్లో మాట్లాడే తెలుగులో.

"మా అమ్మకి టీబీ వచ్చె. ఊళ్ళో ఎవురికీ చెప్పకుండా కోవిల్‌పట్టికి పోయి మాత్రలు తెచ్చుకుండె. ఇప్పుడు నయమైపాయె. మీరూ బయపడొద్దండి."

లక్ష్మియమ్మాళ్ చెయ్యి బాన మీదే ఆగిపోయింది.

జోతి కోవిల్‌పట్టి కాలేజీలో సైన్సు చదువుతోంది. వేసవి సెలవుల్లో ఇంటర్న్‌షిప్ అని ఆ సంస్థలో చేరింది. మనవాళ్ళ మనసుకు తగలాలంటే తమిళం చాలదు, ఇంటి భాష కావాలని అక్కడి సార్‌కు తనే చెప్పి మెప్పు పొందింది. పేరు చెప్పలేదు కదా, ఎవరికి తెలుస్తుందిలే అనుకుంది. తమిళంలో చెప్పి ఉంటే ఏ ఊరి అమ్మ కథో అనుకునేవారు. ఇంటి తెలుగులో మాట్లాడితే ఏ ఇంటి పిల్లో ఊరికి తెలియకుండా పోతుందా? చదవేస్తే ఉన్న మతి పోయిందంటే ఇదే మరి.

మధ్యాహ్నానికి పెద్దమనిషి పొన్నయ్య వచ్చాడు. ఇచ్చిన మజ్జిగ ముట్టలేదు. ఈసారి పొంగలి అన్నదమ్ముల వరసలోని గాంధిమతి ఇంట్లో వండనీ అని చెప్పి, తోమిన బానను మోయించుకుపోయాడు.

సాయంత్రం బస్సు దిగి జోతి ఇంట్లోకి వచ్చేసరికి అవ్వ మునియమ్మాళ్ కోడలిని నిలబెట్టి కడిగేస్తోంది.

"రోగాన్ని దాచిపెట్టి మాకు కూడు పెడితివే. ఇంకమీద పొయ్యి దగ్గరికి రావద్దు."

ఆస్పత్రికి తోడు వెళ్ళిన నాన్న సుబ్బురాజ్ పక్కనే ఉన్నాడు. తల్లి ముందు ఆ మగవాడికి నోరు పెగల్లేదు, సిగ్గులేకపోతే సరి! మాత్రలన్నీ మింగి నయమయ్యాక ఆ జబ్బు అంటుకోదని జోతి ఎంత చెప్పినా అవ్వ వినలేదు.

లక్ష్మియమ్మాళ్ కూతురి వైపు తిరిగింది. "మీ సార్‌ని అడిగితివి. నన్ను అడిగితివా?"

"అడిగింటే వద్దంటావు గదమ్మా."

"వద్దంటానని తెలిసే చేస్తివి."

తల్లి ఒప్పుకోదని జోతికి నిజంగానే తెలుసు.

మర్నాడు పొయ్యి దగ్గర అవ్వే కూర్చుని ఎండుమిరపకాయలు వేయించింది. ఘాటుకు అవ్వ దగ్గింది, నాన్న దగ్గాడు, జోతి కూడా దగ్గింది. పెరట్లో లక్ష్మియమ్మాళ్ మాత్రం కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నా దగ్గలేదు.

జోతి పరుగున వెళ్ళి అమ్మను వాటేసుకుని ఏడ్చింది. "దగ్గు అమ్మా, నీకు పుణ్యముంటుంది."

లక్ష్మియమ్మాళ్ ఆమెను మెల్లగా పక్కకు తోసింది.

"దూరం జరుగు పాపా. చూసినోళ్ళు నీకూ అంటుకుండె అంటారు."