జరగని శిక్షణకు సంతకాలు

“ఈ సంతకం నాది కాదు! నేను పెట్టలేదు!”

సొరుగులో కొలత టేపు కోసం వెతుకుతుంటే దొరికిన ఫైలు అది. పదహారేళ్లుగా ఇంటి ముందుగదుల్లో నడుస్తున్న ఆ యూనిఫారాల కుట్టుపనిలో ఆమెకు జీతం లేదు, కూర్చోడానికి కుర్చీ లేదు. అలాంటిది, కాగితాల్లో సగం వాటా తనదట! పదకొండు మంది పనివాళ్లకు తొంభై గంటల శిక్షణ కూడా తనే ఇచ్చిందట! కింద సంతకం అచ్చం తనదే... మూడు వారాలుగా భర్త ప్రేమ ఒలకబోస్తుంటే ఏదో ఉందనే అనుకుంది. మొన్న కొత్త కుర్చీ తెచ్చి, “మంచి చీర కట్టుకుని ఇందులో కూర్చో” అన్నాడు కూడా! ఈమధ్య ఆయన నోట ఎప్పుడూ కాగితాలు టైపు చేసే అమ్మాయి మాటే.

“ఏవండీ, ఇది ఎవరు పెట్టారు? ఆ టైపు పిల్లా?”

“అబ్బ, మెల్లగా! స్కూళ్ల ఆర్డరు రావాలంటే ఆడవాళ్లకు సగం వాటా ఉండాలి, పనివాళ్లకు శిక్షణ ఇచ్చి ఉండాలి. రూలు! నాలుగింటికి ఆఫీసరమ్మ వస్తుంది. ఏమడిగినా అవునను, చాలు. పదకొండు కుటుంబాల కూడు...”

“ఎవరు పెట్టారని అడుగుతున్నాను!”

ఆయన కుర్చీ తుడవసాగాడు.

గుండీలు కుట్టే బొత్తాలక్క ఫైల్లోని హాజరు పట్టీలోకి తొంగిచూసింది. “నా పేరేది వదినా? ఇదా? ఓయమ్మో! జీతానికి వేలిముద్ర వేసేదాన్ని, ఇంత గుండ్రంగా రాయడం ఎప్పుడు నేర్చానే!”

అందరూ పకపకా నవ్వారు. ఆమెకు నవ్వు రాలేదు.

ఆఫీసరమ్మకు టీ పెడదామని వంటింట్లోకి వెళ్లి డబ్బా అందుకుంది. మీద అంటించిన చీటీ... ‘పంచదార’. తెగిన దారంలా కిందికి మెలికపడ్డ ఆ ‘ద’! హాజరు పట్టీ నిండా అదే మెలిక! వెనక్కి తిరిగితే గుమ్మంలో అత్తగారు, రిటైరైన పంతులమ్మ.

“అత్తయ్యా... మీరా!”

“ముప్ఫై ఏళ్లు ఏ పిల్లనీ కాపీ కొట్టనివ్వలేదే అమ్మాయ్... కన్నకొడుకు కాళ్లు పట్టుకునేసరికి అందరికీ నేనే హాజరు వేశాను. నీ సంతకమైతే... రెండు రోజులు సాధన చేశాను.”

“ఇన్నేళ్లలో నా చేతిరాత వంక శ్రద్ధగా చూసింది మీరొక్కరే అత్తయ్యా... అదీ ఇందుకా!”

నాలుగింటికి ఆఫీసరమ్మ వచ్చింది. “సగం వాటా మీదేనా?”

భర్త కళ్లు బతిమాలుతున్నాయి. పదకొండు మిషన్లూ ఆగిపోయాయి. అవునంటే పని నిలుస్తుంది... ఆ అవును మాత్రం జన్మంతా గొంతులో ముల్లులా ఉంటుంది!

“నాదేనట. ఇవాళే తెలిసింది! శిక్షణ మాత్రం జరగలేదు. ఆ సగం నిజమైతే, రేపటి నుంచి నేనే నేర్పుతాను. అప్పుడొచ్చి చూడండి.”

“దొంగ సంతకాలు నావి,” అంటూ అత్తగారు ముందుకొచ్చారు.

ఆఫీసరమ్మ ఫైలు మూసింది. “ఈ ఆర్డరు మీకు రాదు. నోటీసు కూడా వస్తుంది. తొంభై గంటలూ నిజంగా పూర్తయ్యాక మళ్లీ పెట్టుకోండి.”

కారు వెళ్లిపోయింది. “నట్టేట ముంచావు కదే!” అంటూ భర్త బయటికి వెళ్లిపోయాడు.

మర్నాడు మిగిలిన పాత పనే మొదలైంది. మధ్యలో ఒక గంట శిక్షణకు. ఆమె మిషను విప్పి సూది ఎందుకు విరుగుతుందో చూపిస్తోంది. అత్తగారు గుడ్డముక్క మీద మార్కింగు సుద్దతో బొత్తాలక్క చెయ్యిపట్టి పేరు దిద్దిస్తున్నారు. “ఇలా మెలిక తిప్పకమ్మా. అది నా జబ్బు!”

వెనకాల ఏదో జరిపిన చప్పుడు. భర్త! కొత్త కుర్చీ తెచ్చి ఆమె పక్కన పెట్టాడు. ఆమె చటుక్కున గుమ్మం వైపు చూసింది, మళ్లీ ఎవరొస్తున్నారోనని...

ఎవరూ లేరు! వీధి ఖాళీగా ఉంది.

అప్పుడు కూర్చుంది.